శుక్రవారం మాత్ర

తాడు పట్టుకోమంది బురుల్సున్.
పట్టుకోలేకపోయాను.
గుర్రప్పిల్ల తాడుతో సహా తల్లి పొదుగు కిందికి దూరింది.
"పోనీలే, ముందు దాన్నే తాగనీ.
అది మూతి పెడితేగాని తల్లి చేపదు."

ముప్ఫయ్యేళ్ళు కంబళిని కత్తితో కోసి కుట్టిన వేళ్ళివి.
పొట్టేలు కొమ్ము వంపుని
ఎర్రదాని మీద నల్లగా, నల్లదాని మీద ఎర్రగా
చీకట్లో కూడా తిప్పేవి.
ఇప్పుడు తెల్లారేసరికి
తీగ మీద రాత్రంతా మంచుకి బిగిసిన చొక్కాలా లేస్తాయి.
తొమ్మిదైతేగాని గుండీ పట్టుకోవు.

ఇరుగుపొరుగు చెప్పిన పథ్యాలన్నీ పాటిస్తే
చివరికి మిగిలేది వేణ్ణీళ్ళే.
టమాటా వద్దన్నారు, బంగాళాదుంప వద్దన్నారు.
గొర్రె తోక కొవ్వు కీళ్ళకి రాయమన్నారు.
రాశాను.
వీధికుక్క వారం రోజులు నా వెంట తిరిగింది.

నారిన్‌లో డాక్టరమ్మ
శుక్రవారం శుక్రవారం మింగమని మాత్రలు రాసింది.
కుమిస్ తాగొచ్చా అంటే
రక్తపరీక్ష కాగితం మీంచి తలెత్తకుండా చెప్పింది:
"పులిసిన పాలు. కాస్త సారా గుణం ఉంటుంది.
మాత్రకీ దానికీ మధ్య నలిగేది నీ కాలేయం.
రోజుకి అరగిన్నె. అంతే."
ఆడపడుచు మండిపడింది:
"పదిరోజులు కడుపు నిండా తాగు,
ఆ విషాన్ని చెత్తలో పారెయ్."
ఇద్దరిదీ నా మీద అక్కరే.
అక్కడే వచ్చింది చిక్కు.

సూసమీర్ లోయలో జూన్ చివర కూడా
గుడారాల వెనక మంచు మరకలుంటాయి.
కడుపు మంటతో నిద్రపట్టని ఓష్ లారీ డ్రైవరు,
పాత క్షయ మచ్చని ఎక్స్‌రేలో వెంట తెచ్చుకున్న టీచరు,
ఒళ్ళంతా గోక్కునే పిల్లాడు,
వాడి గోళ్ళు కత్తిరిస్తూ వాళ్ళమ్మ.
రెండు గంటలకోసారి గిన్నెలు నిండుతాయి.
పొగ పట్టిన తోలుసంచి వాసన,
ముక్కులో చిమచిమలాడే పులుపు.
తాగినవాళ్ళు ఎండలో బోర్లా పడుకుని
ఎవరికెంత ఆకలేసిందో, ఎవరికెన్నిసార్లు విరేచనమైందో
పెళ్ళి కబుర్లలా చెప్పుకుంటారు.
నేను నా అరగిన్నెని
మధ్యాహ్నం దాకా సాగదీసేదాన్ని.
"పిచ్చుక నయం," అని నవ్వాడు డ్రైవరు.

శుక్రవారం రాత్రి, దుప్పటి కింద,
చప్పుడు కాకుండా మాత్రల రేకు చించుతున్నాను.
దీపం వెలిగింది.
బురుల్సున్ తిడుతుందనుకున్నాను.
నీళ్ళ చెంబు తెచ్చింది.

"మా ఆయన షార్షెన్. బుధవారం పుట్టాడని ఆ పేరు.
చక్కెర జబ్బు. రోజుకి రెండు సూదులు.
లోకమంతా నా కుమిస్ తాగి లేచి తిరుగుతుంటే
ఇంట్లోవాడికి సూదేమిటని
నేనే మాన్పించాను.
మొదటి రెండ్రోజులూ బాగానే ఉన్నాడు.
చూశావా, అన్నాను."

ఆ తర్వాతది చెప్పలేదు.
బయట ఊట చప్పుడు.
కుమిస్ డబ్బాలు చల్లబెట్టేది అందులోనే.
"దాంట్లో సూదిమందు సీసాకి కూడా
చోటుండేది," అంది చాలాసేపటికి.

పొద్దున్నే నా మాత్రల రేకుని
గుడారం వాసానికి ఎర్ర ఊలుతో కట్టింది,
అందరికీ కనబడేట్టు.
"నువ్వు చీకట్లో మింగితే
వీళ్ళంతా పాలే బాగుచేశాయనుకుంటారు."
డ్రైవరు దానికేసి చూశాడు గాని
నవ్వలేదు.

ఎనిమిదో నాడు ఎనిమిదిన్నరకే గుండీ దొరికింది.
అరగంట లాభం.
పాలా, మాత్రా, ఎండా,
ఇన్నాళ్ళూ కత్తి పట్టకపోవడమా,
ఎవరి చలవో అడగలేదు.

పదో రోజు, పాలవేళ.
ఈసారి బురుల్సున్ తాడు చేతికివ్వలేదు.
నా మణికట్టుకి రెండు చుట్లు చుట్టి
ముడి వెయ్యకుండా వదిలింది.
పిల్ల లాగింది. నొప్పి భుజం దాకా పాకింది.
నిలబడ్డాను.
తల్లి చేపింది.